సెర్బియన్ సులువని నేనే చెప్పినాను

తిరువళ్ళూరు రైల్వే గేటు దగ్గర, జిరాక్స్ అంగడి మీది మేడగదిలో తొమ్మిదేండ్లు రెండు భాషలు నేర్పించినాను. ఒకటి చైనీసు, ఇంకొకటి సెర్బియన్. ఈ రెండూ ఒకే మనిషి నేర్పిస్తాడంటే మొదట్లో జనం నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వినారు, ఒరగడం అనే ఊరి వైపు చైనావాళ్ళ ఫ్యాక్టరీల్లో చేరేవాళ్ళకి చైనీసు కావాల, సెర్బియా దేశానికి కట్టడం పనికి పోయేవాళ్ళకి సెర్బియన్ కావాల. ఈ చుట్టుపక్కల రెండూ తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే. అందుకని మెట్లెక్కి నా దగ్గరికే వచ్చేవాళ్ళు.

పోయిన చిత్తిర నెలలో మానేసినాను. నా జాగాలోకి ఇద్దరు చిన్నవాళ్ళు వచ్చినారు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఇద్దరికీ డిగ్రీలున్నాయి, నాకన్నా వ్యాకరణం బాగా తెలుసు. పాఠం చెప్పేది ఎట్లాగో వాళ్ళకి నేను చెప్పే పన్లేదు. ఆ పని ఏమిటో మాత్రం చెప్పాల. అందుకే ఇది రాస్తా ఉన్నాను. తమిళంలో రాస్తే మేమే చదువుకుంటాం కదా సార్ అన్నాడు ఆ అబ్బాయి. నాకు బాధ తెలుగులోనే వస్తాది నాయనా, రాసినాక నేనే చదివి వినిపిస్తాలే అన్నాను.

వచ్చిన ప్రతి మనిషీ మొదట అడిగేది ఒకటే. సార్, రెండిట్లో ఏది సులువు? ఆ ప్రశ్నకి నేను ఇచ్చిన జవాబు నమ్మి ఒక మనిషి ప్రాణం పోగొట్టుకున్నాడు. పేరు మునిరత్నం, ఊరు ఊత్తుకోట. ఆయన సంగతి చెప్పేదానికే ఈ కాగితాలు. కానీ ముందు నా ఇద్దరు గురువుల గురించి చెప్పకపోతే నా తప్పు యాడ మొదలైందో మీకు తెలీదు.

మిలొరాద్

మాది కనకమ్మ సత్రం పక్కన పల్లె. సేద్యం చేసే ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఇరవై మూడేండ్లప్పుడు ఇరాక్‌కి పోయినాను. ఆడ యుగోస్లావియా కంపెనీ ఒకటి రోడ్డు వేస్తా ఉండేది. దాని స్టోర్‌లో హెల్పర్ని. స్టోర్ పెద్ద మిలొరాద్ అని సెర్బియా ఆయన. పెద్ద పొట్ట, పెద్ద నవ్వు. ఎండలో ఇనుపకమ్మీలు లెక్కబెట్టేటప్పుడు గూడా పాటలు పాడేవాడు.

ఆయన దగ్గర ఆరేండ్లు ఉన్నాను. భాష ఆయన నేర్పించలేదు, నేనే చెవిలో వేసుకున్నాను. నేను ఏం తప్పు మాట్లాడినా గలగలా నవ్వి, అర్థమయింది, అర్థమయింది, చాలు అనేవాడు. ఆడదాన్ని మగవాణ్ణి చేసి మాట్లాడినా అదే మాట. నాకా, నాలుగు నెలలకే సెర్బియన్ వచ్చేసిందని గర్వం. మేస్త్రీలతో మాట్లాడతాను, లారీ డ్రైవర్లతో జోకులేస్తాను, ఇంకేం కావాల?

ఇప్పుడు చెప్తున్నాను వినండి. మిలొరాద్ బంగారంలాంటి మనిషి. నాకు జ్వరమొస్తే మూడు రోజులు తానే సూప్ కాచి పోసినాడు. కానీ గురువుగా మాత్రం నాకు చెడుపే చేసినాడు. నా నోట్లో ఉన్నది క్యాంపు సెర్బియన్ అని, అది ఆ నవ్వే మనుషుల మధ్యనే చెల్లుతుందని, ఆయన ఒక్కనాడు చెప్పింది లేదు. నేను ముప్ఫై ఏండ్ల తర్వాత ఆ క్యాంపు సెర్బియన్నే బోర్డు మీద రాసినాను.

చెన్ మేస్త్రీ

ఇరాక్ నుంచి వచ్చేసినాక నానా స్టోర్లలో పని చేసినాను. నలభై దాటినాక, మద్రాసుకి ఉత్తరాన కరెంటు ప్లాంటు కట్టేదానికి చైనావాళ్ళు వచ్చినారు. ఆడ స్టోర్ ఆఫీసరు పని దొరికింది. బాయిలర్ బిగించే గుంపుకి పెద్ద చెన్ షిఫూ. షిఫూ అంటే మన మేస్త్రీ అనే మాటే, అచ్చం అదే మర్యాద. సన్నగా, చీటికిమాటికి చిటపటలాడే మనిషి. మా స్టోర్‌లో ఆయన్ను చూస్తే అందరూ బీరువాల వెనక్కి పోయేవాళ్ళు.

ఒకనాడు పైన గొలుసు దించతా ఉన్నారు. కింద ఉండే మన మనిషి చెయ్యి ఇరుక్కునింది. వాడు నేర్చుకున్న నాలుగు చైనీసు ముక్కల్లో నొప్పి అనే మాట అరిచినాడు. థెంగ్ అంటే నొప్పి. తెంగ్ అంటే ఆగు, ఉండు. వాడి నోట్లో రెండూ ఒకటే. పైనోళ్ళు ఉండమంటున్నాడని పైకి లాగాల్సిన గొలుసు ఆడనే ఆపి పట్టుకున్నారు. చెన్ మేస్త్రీ పరిగెత్తి పోయి వాడి మొగం చూసినాడు కాబట్టి చెయ్యి దక్కింది.

ఆ సాయంత్రం నన్ను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టినాడు. సిగరెట్ డబ్బాలోంచి పల్చటి కాగితం చింపి నా పెదాల ముందర పట్టుకున్నాడు. థెంగ్ అంటే కాగితం ఎగరాల. తెంగ్ అంటే కదలకూడదు. మనకి బళ్ళో థ అక్షరం ఉంది గానీ నోట్లో యాడుంది? రథం అని రాస్తాం, రతం అని లాగుతాం. తమిళంలో రాసుకుంటే ఇంకా తంటా, రెండిటికీ ఒకే అక్షరం. వారం రోజులు, రోజుకి గంటసేపు, ఆ ఒక్క మాటే. తప్పు పలికితే ఆయన నవ్వడు, తిట్టడు, కాగితం మళ్ళీ పట్టుకుంటాడు. నాకు కోపమొచ్చి ఒకనాడు లేచిపోయినాను కూడా. మరుసటి రోజు ఆయన మళ్ళీ అదే కాగితంతో నా టేబులు దగ్గరికి వచ్చినాడు.

ఎనిమిదేండ్లు ఆయన దగ్గర నేర్చుకున్నాను. నేను చైనీసు నేర్పించిందంతా ఆయన కాగితంతోనే.

రెండూ పక్కపక్కన పెడితే

కొత్త టీచర్లు ఈ భాగం నాకన్నా బాగా చెప్పగలరు. అయినా మన మనుషుల చెవిని, నోటిని చూసి నేను తెలుసుకున్నది కొంచెం చెప్తాను.

చైనీసు చూస్తే భయం, నేర్చుకుంటే ఎముకలు తక్కువ. లింగం లేదు, వచనం లేదు, నిన్న అయినా రేపు అయినా క్రియ అట్లే ఉంటాది. పదకొండు అంటే పది ఒకటి. అన్నకి వేరే మాట, తమ్ముడికి వేరే మాట, మనలాగే. ఇంకా ఒక గొప్ప సంగతి, మనం అనేదానికీ మేము అనేదానికీ ఉత్తరాది చైనావాళ్ళకి వేరే వేరే మాటలున్నాయి. చెన్ మేస్త్రీ రెండేండ్లు నాతో మేము అనే మాటే వాడినాడు. ఒకనాడు టీ తాగతా, నన్ను కూడా కలుపుకొని, మనం అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకోగలిగినందుకు నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. వేరే దేశంవాళ్ళకి ఆ తేడా నెల రోజులు వివరించాల, మనవాళ్ళకి అర నిమిషం చాలు. కష్టమంతా గొంతు ఎత్తు దించుల్లో, ఊపిరిలో ఉంది. కొనడం, అమ్మడం రెండూ మాయ్. గొంతు కిందికి పోయి పైకొస్తే కొనడం, పైనుంచి పడితే అమ్మడం. స్టోర్‌లో అది తప్పు పలికి నేను పడిన అవమానాలు ఇప్పుడొద్దు.

సెర్బియన్ దీనికి తలకిందులు. చూస్తే మనదే అనిపిస్తాది. ముప్ఫై అక్షరాలు, ఒక అక్షరానికి ఒకే శబ్దం, రాసింది రాసినట్టే చదవడం. తెలుగు చదవనొచ్చినోడికి వారంలో వస్తాది. గొంతు ఎత్తు దించుల బాధ కూలివాడికి తగలదు. మేనమామకి వేరే మాట, చిన్నాయనకి వేరే మాట. పెద్దవాళ్ళని మీరు అంటారు. విభక్తులు ఏడున్నాయంటే అందరూ బెదురుతారు, నేను మాత్రం మనకి లేవా ఏం అనేవాణ్ణి. ఇల్లు అనేది ఇంట్లో, ఇంటికి, ఇంటి నుంచి అని ఎట్లా మారుతుందో, వాళ్ళ కూచా కూడా కూచి, కూచె అని అట్లే మారుతుంది. క్లాసులో అందరూ తలలూపేవాళ్ళు.

అదీ నా పొరపాటు. చైనీసులో తప్పు పలికితే ఎదుటి మనిషి ముఖం ముడుచుకుంటాడు, ఏమన్నావని అడుగుతాడు. సెర్బియన్‌లో మనం తప్పు పలికినా అది ఇంకొక సరైన మాటలాగా వినిపించి, అవతలాయన తలూపి వెళ్ళిపోతాడు. కష్టమైన భాష మనల్ని జాగ్రత్తగా ఉంచుతుంది. సులువైనదాని దగ్గర నేను ఒళ్ళు మరిచినాను.

మునిరత్నం

సెంట్రింగ్ పని. కట్టడాలకి స్లాబు వేసే ముందు పలకలు, గుంజలు కట్టే పని అది. ముప్ఫై నాలుగేండ్లు. మాట మెత్తన. పెద్దవాళ్ళ ముందర గొంతు పెంచడు, కూర్చోమన్నా కూర్చోడు. భార్య దేవిక, ఆరేండ్ల కూతురు. మా తిరుత్తణి ఇంటికి ఒకసారి ముగ్గురూ వచ్చినారు, కొండ మీది గుడికి పోయి వస్తా. ఆ బిడ్డ మా హాల్లో నిద్రపోతే, లేపకుండా మూడు గంటలు కూర్చొని మాట్లాడుకున్నాం.

ఆయన నా దగ్గరికి వచ్చింది చైనీసుకి. ఫ్యాక్టరీలో చేరితే కంపెనీ బస్సులో పోయి సాయంత్రానికి ఇంటికి రావచ్చునని. దేవిక కూడా అదే కోరుకునింది. నేను చెన్ మేస్త్రీ లాగే కాగితం పట్టుకున్నాను. మునిరత్నానికి థెంగ్ రాలేదు. మూడు వారాలు. కాగితం కదలదు. క్లాసులో చిన్న పిల్లలు ముసిముసిగా నవ్వేవాళ్ళు. ఆయన చెవులు ఎర్రబడేవి. అప్పుడు నేను మెట్ల దగ్గర పక్కకి పిలిచి చెప్పినాను, ఇది మీ నోటికి ఎక్కదు, ఊరికే కష్టపడొద్దు, సెర్బియన్‌కి మారండి, రాసింది రాసినట్టే చదవడమే, మూడు నెలల్లో వచ్చేస్తాది, పైగా మీ సెంట్రింగ్ పనికి ఆడ మంచి గిరాకీ ఉంది.

ఇంట్లో అడుగుతాను సార్ అన్నాడు. రెండు రోజులకి వచ్చి సరే అన్నాడు. దేవికకి ఇష్టం లేదని నాకు అప్పుడు చెప్పలేదు. సార్ చెప్పినారంటే ఆలోచించే చెప్పింటారు అని ఆమెకి నచ్చజెప్పినాడంట.

కృత్తిక వారం

సెర్బియన్ మునిరత్నానికి నిజంగానే తొందరగా వచ్చింది. క్లాసులో అందరికన్నా ముందు చదివేవాడు. తెలుగు అక్షరాలు సరిగా రావు కాబట్టి నోటుబుక్కులో తమిళంలో రాసుకునేవాడు.

ఆఖరి నెలలో ఆస్పత్రి పాఠం ఉంటాది. ఒళ్ళు బాగాలేదంటే ఏం చెప్పాల, డాక్టరు ఏం అడుగుతాడు, అన్నీ. మామూలుగా నాలుగు రోజులు పెట్టేవాణ్ణి. ఆ ఏడు ఆ వారంలోనే తిరుత్తణి కొండ పండగ, ఆడి కృత్తిక, వచ్చింది. తిరుత్తణి రైళ్ళన్నీ కావళ్ళు, జనం. ఎక్కలేక రెండు రోజులు నేను తిరువళ్ళూరు పోలేదు. పోయినాక నాలుగు రోజుల పాఠం ఒక గంటలో కుదించినాను. ఏజెంటు వచ్చే వారమే టిక్కెట్లు అని తొందర చేస్తా ఉన్నాడు.

నొప్పి అనే మాటకి సెర్బియన్‌లో రెండు రూపాలు. ఒక్కటి నొస్తే బోలి. కడుపు, తల, పన్ను, అన్నిటికీ బోలి. రెండు నొస్తే, కాళ్ళు చేతులు లాంటివి, బోలె. కట్టడం పనివాళ్ళకి నొచ్చేది కాళ్ళూ చేతులే కదా అని, నేను బోలి వదిలేసి బోలె ఒక్కటే నేర్పించినాను. క్యాంపులో నేను అట్లనే మాట్లాడేవాణ్ణి, మిలొరాద్ అర్థమయిందనేవాడు. మేలుగా ఉంది అనేదానికి బోల్యె. ఎక్కువ అనేదానికి మ్నొగొ. మ్నొగొ బోలె అంటే బాగా నొప్పి అనుకోండి. మ్నొగొ బోల్యె అంటే చాలా మేలు.

ఇప్పుడు మన నోరు చూడండి. ఎక్కడ ఎ వస్తుందో ఆడ య కలుపుతాం. ఎద్దు అని రాసి యెద్దు అంటాం. మునిరత్నం లేచి చెప్పినప్పుడు బోలె అనేది బోల్యె అని వచ్చింది. నేను విన్నాను. ఈ మాట ఒప్పుకోడానికే ఇంత దూరం రాసినాను. నేను స్పష్టంగా విన్నాను. ఇదే చైనీసు అయ్యుంటే కాగితం తీసి ముఖం ముందర పట్టుకొని ఉండేవాణ్ణి. సెర్బియన్ కదా, ఆడుండేవాళ్ళకి అర్థమవుతాదిలే అనుకొని, బాగుంది, కూర్చోండి అన్నాను.

దేవిక తెచ్చిన ఫోను

ఆయన సెర్బియాకి పోయిన అయిదు నెలలకి వార్త వచ్చింది. కడుపునొప్పి అని ఆస్పత్రిలో చేర్చినారంట, మూడో రోజు పోయినాడంట. లోపల పేగు పగిలిందన్నారు. ఆస్పత్రినీ, డాక్టర్లనీ నేను ఏమీ అనను. వాళ్ళు రోజుకి నాలుగుసార్లు వచ్చి చూసినారు. శనివారం ఆదివారం కంపెనీ వాళ్ళ దుబాసీ లేడు. రూములో ఉండే అరక్కోణం ఆయనొకడే పక్కన ఉన్నాడు, ఆయనకి మునిరత్నం పాటి భాష కూడా రాదు.

కర్మంతరం అయినాక నెలకి, పగలు పదకొండు గంటలప్పుడు, దేవిక మెట్లెక్కి వచ్చింది. క్లాసులో ఎవరూ లేరు. అరక్కోణం ఆయన వార్డులో తీసిన వీడియో ఒకటి ఆమె ఫోనులో ఉంది. ఇంటికి చూపించేదానికని తీసినాడంట. ఆపరేషన్ ఎందుకు చెయ్యలేదని అడిగితే, మేలుగా ఉందని ఆయనే చెప్పినాడు అన్నారంట కంపెనీవాళ్ళు. అది నిజమా అని ఆమెకి తెలుసుకోవాల.

"ఇందులో ఏమంటాడో చెప్పండి సార్. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

వీడియో చిన్నది. డాక్టరమ్మ కడుపు మీద చెయ్యి పెట్టి నొక్కి, బోలి అని అడుగుతుంది. మునిరత్నానికి ఆ మాట తెలీదు, నేను నేర్పించలేదు. కానీ తాను నేర్చుకున్నదానికి దగ్గరగా ఉందని పట్టుకున్నాడు. చెమట కారతా ఉంది. డాక్టరమ్మ ముఖం చూసి, మర్యాదకి కొంచెం నవ్వు తెచ్చుకొని, గట్టిగా, స్పష్టంగా చెప్పినాడు. బోల్యె. మ్నొగొ బోల్యె. ఆమె తలూపి, రాసుకొని, పక్క మంచానికి పోయింది.

ఒకసారి విన్నాను. ఇంకోసారి పెట్టమన్నాను. ఒకరి మాట ఇంకొకరికి తర్జుమా చేసేటప్పుడు నా సూత్రం ఒకటే, విన్న మాట చెప్పాల, కలపకూడదు, తియ్యకూడదు. క్యాంపుల్లో, స్టోర్లలో ఇన్నేండ్లు ఆ సూత్రం మీద బతికినాను. ఆ సూత్రం వెనకే దాక్కున్నాను.

"డాక్టరమ్మ నొప్పిగా ఉందా అంటుందమ్మా. ఈయన మేలుగా ఉంది, చాలా మేలుగా ఉంది అంటున్నాడు."

అక్షరం తప్పు లేదు ఆ తర్జుమాలో. అంతకన్నా పెద్ద అబద్ధం నేను జన్మలో ఆడలేదు.

దేవిక నా ముఖమే చూస్తా ఉండింది. మేలుగా ఉందన్నాడా అని మెల్లగా అనింది. ఫోను కొంగులో చుట్టుకొని మెట్లు దిగి పోయింది. నేను కిటికీలోంచి చూడను కూడా లేకపోయినాను.

ఊత్తుకోట

పదకొండు రోజులు. అన్నం దిగలేదు అంటే ఎవరన్నా రాసే మాటే అనుకుంటారు, నిజంగా దిగలేదు. నా భార్య షుగరు చూపించుకోమని పోరింది. పన్నెండో రోజు పొద్దున ఊత్తుకోట బస్సెక్కినాను.

దేవిక వాకిట్లో బియ్యం చెరుగుతా ఉంది. కూతురు బడికి పోయింది. కుర్చీ వేసింది, నీళ్ళు ఇచ్చింది. నేను కూర్చోలేదు. ఉన్నదంతా చెప్పినాను. ఆ మాట, దాని రెండు రూపాలు, కృత్తిక వారం, నేను విని కూడా దిద్దకపోవడం. ఆయన చెప్పింది మేలు అని కాదమ్మా, చానా నొప్పిగా ఉందని, నా వల్ల అది అట్లా వచ్చింది అన్నాను. అరవై ఆరేండ్ల మనిషిని, ఆమె ముందర ఏడ్చినాను.

ఆమె ఏడవలేదు. చేట పక్కన పెట్టింది.

"నాకు తెలుసు సార్. భాష రాకపోయినా మా మామ గొంతు నాకు తెలీదా? నొస్తే ఆయన గొంతు సన్నగా అయిపోతాది. ఆ వీడియోలో అదే గొంతు. మీరు మేలంటున్నాడని చెప్పినప్పుడే మీరేదో దాస్తా ఉండారని తెలిసింది. వస్తారని చూస్తా ఉన్నా."

లోపలికి పోయి ఆయన నోటుబుక్కు తెచ్చింది. సామాన్లతో వచ్చిందంట. ఆస్పత్రి పాఠం పేజీ. తమిళంలో, ముద్దుముద్దు అక్షరాలతో, ఒకదాని కింద ఒకటి రాసుకున్నాడు. నొప్పి అనేదాని ఎదురుగా ఒక మాట, మేలు అనేదాని ఎదురుగా ఒక మాట. రెండూ ఒకే అక్షరాలు, కొంచెం కూడా తేడా లేదు. పేజీ చివర ఎర్ర ఇంకుతో టిక్కు. అది నా టిక్కే.

"తప్పు పలికినాడని కంపెనీవాళ్ళు అంటా ఉండారు. తప్పెట్లా పలికినాడు సార్? మీరు నేర్పించిందే పలికినాడు."

క్షమించమని అడిగే ధైర్యం నాకు లేదు, ఆమె క్షమిస్తున్నానని అననూ లేదు. ఇప్పటికీ అనలేదు. అనాలని నేను ఎదురుచూడడం కూడా సరికాదు.

నోటుబుక్కు మూసి, ఆ దేశానికి ఇంకెవరన్నా పోతా ఉన్నారా అని అడిగింది. పోతా ఉన్నారమ్మా, పన్నెండు మంది, నెలాఖరుకి, నేను మానేద్దామనుకుంటున్నాను, ఇంకెవరన్నా చెప్తారు అన్నాను. ఆ మాటకి మాత్రం ఆమెకి కోపం వచ్చింది.

"మీరు మానేస్తే వాళ్ళకి ఎవరు చెప్తారు? ఇంకొకరు వచ్చి వాళ్ళు గూడా సులువంటారు. వాళ్ళని పంపించేసి మానేయండి. ఈ వీడియో మీకు పంపిస్తా, వాళ్ళకి పెట్టి చూపించండి."

అట్లా చూపించొచ్చునా, ఆయన్ని ఆ స్థితిలో పదిమందీ చూస్తే నీకు కష్టం కాదా అని అడిగినాను. కష్టమే అనింది. మళ్ళీ చేట తీసుకునింది.

తర్వాతి సోమవారం క్లాసు. పన్నెండు మందీ సెంట్రింగ్, కమ్మీ పనివాళ్ళు, ఒకరిద్దరు వెల్డర్లు. అప్పటికి మూడు నెలల పాఠం అయింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా, ముఖం కనిపించనీకుండా ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, గొంతు మాత్రం వినిపించినాను. ఇది ఆస్పత్రిలో మాట్లాడుకున్నది, డాక్టరు ఏమడిగింది, ఆ మనిషి ఏం చెప్పినాడు, కాగితం మీద రాయండి అన్నాను. రెండోసారి కావాలా అంటే అందరూ వద్దన్నారు, సులువుగానే ఉంది సార్ అన్నారు.

కాగితాలు తీసుకొని ఒక్కొక్కటే చదివినాను. చాలా మేలుగా ఉందంటున్నాడు అని పన్నెండు మందీ రాసినారు. ఒక్కరిదీ తప్పు లేదు.

అప్పుడు ఫోను తిప్పి మునిరత్నం ముఖం చూపించినాను.